స్పంజికల సాక్ష్యం – చార్లెస్ వాల్కాట్ జీవితం

పొరిఫెరా వర్గం పాఠం మనమందరం చదివాం. ఒంటినిండా రంధ్రాలు, లోపల కంటకాలు, ఒకేచోట అంటుకొని బతకడం - పరీక్షలో ఇంతవరకు రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ స్పంజికలే ఒక గొప్ప శాస్త్రవేత్త గురించి పుట్టిన కట్టుకథను తప్పని తేల్చాయని తెలిసి మేము ఆశ్చర్యపోయాం. ఆయన పేరు చార్లెస్ డూలిటిల్ వాల్కాట్.

వాల్కాట్ 1850 మార్చి 31న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, న్యూయార్క్ మిల్స్ అనే ఊరిలో జన్మించారు. రెండేళ్ల వయసులోనే తండ్రి పోయాడు. పద్దెనిమిదేళ్లకే చదువు ఆగిపోయింది, పట్టా చేతికి రాలేదు. కొన్నాళ్లు ఇనుప సామాన్ల కొట్టులో పనిచేశారు. ఆ తర్వాత ట్రెంటన్ ఫాల్స్ దగ్గర రస్ట్ అనే రైతు పొలంలో పనికి చేరి, తీరిక దొరికితే చాలు సున్నపురాళ్లు పగలగొట్టి ట్రైలోబైట్ల శిలాజాలు ఏరేవారు. 1873లో హార్వర్డ్ మ్యూజియం ఆ సేకరణను 3,500 డాలర్లకు కొన్నది. అక్కడి ఆచార్యుడు లూయీ అగాసీ దగ్గర చదువుకోవాలని వాల్కాట్ ఆశపడ్డారు. అదే ఏడాది డిసెంబరులో అగాసీ మరణించారు. కాలేజీ ఆశ అంతటితో సరి.

ఉద్యోగాల సంగతి క్లుప్తంగా చెబుతాం. 1879లో అమెరికా భూగర్భ సర్వే సంస్థలో చేరి, 1894లో దానికే డైరెక్టరయ్యారు. 1907 నుంచి చివరిదాకా స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి. అంత పెద్ద పదవిలో ఉండి కూడా వేసవి వస్తే సుత్తి పట్టుకొని కొండలెక్కేవారు.

1909 ఆగస్టు చివర, 59 ఏళ్ల వయసులో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఫీల్డ్ అనే ఊరి పైనున్న కొండవాలు మీద, కుటుంబంతో కలిసి వెళుతుండగా ఆయనకు బర్జెస్ షేల్ శిలాజాలు దొరికాయి. ఆయన భార్య హెలెనా గుర్రం ఒక రాతిపలక తగిలి తడబడిందని, ఆ పలకలోనే శిలాజం కనిపించిందని, ఇంతలో మంచు పడి వెనుదిరగవలసి వచ్చిందని, అది ఏ పొర నుంచి జారిపడిందో మరుసటి ఏడాదిగాని తెలియలేదని చాలాకాలం చెప్పుకున్నారు. వినడానికి బాగుంటుంది. కానీ స్టీఫెన్ జే గూల్డ్ అనే శాస్త్రవేత్త 1989లో వెలువరించిన గ్రంథంలో వాల్కాట్ డైరీనే ఆధారంగా చూపించారు. సెప్టెంబరు 1వ తేదీనే, ఎండ కాస్తున్న వాతావరణంలో, వాలు మీద కదలని రాతిపొరలోనే స్పంజికల గుంపు దొరికినట్లు వాల్కాట్ అందులో రాసుకున్నారు. జారిపడిన రాయి ఎక్కడిదైనా కావచ్చు, ఉన్నచోటే ఉన్న పొర అలా కాదు కదా!

అసలు స్పంజిక రాయిలో మిగలడమే అరుదు. అది చచ్చిపోతే మెత్తని భాగం కుళ్లిపోతుంది, కంటకాలు దారం తెగిన పూసల్లా చెదిరిపోతాయి. చాలాచోట్ల దొరికేవి ఆ పూసలే. బర్జెస్ షేల్‌లో మాత్రం దాదాపు 50 కోట్ల సంవత్సరాల క్రితం, సముద్రం అడుగున నిలువు గట్టు పాదాన ఉన్న జీవుల మీదికి సన్నని బురద ఒక్కసారిగా వచ్చి పడింది. గాలి చొరబడని ఆ బురదలో కుళ్లడం సాగలేదు. పైనున్న బరువుకు అణిగి అణిగి, నల్ల పలక మీద బలపం గీతలాగా ఒక పలుచని కర్బన పొర మిగిలింది. వాక్సియా అనే స్పంజిక కొమ్మలు కొమ్మలుగా చీలి, వలలాంటి అల్లికతో సహా అలాగే నిలిచింది.

ఆ గుట్ట దగ్గరికి వాల్కాట్ మళ్లీ మళ్లీ వెళ్లి 65 వేలకు పైగా నమూనాలు తెచ్చారు. ఆ సంవత్సరాలు ఆయనకు సుఖమైనవి కావు. 1911లో రైలు ప్రమాదంలో హెలెనా చనిపోయారు. 1913లో ఒక కొడుకు, 1917లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో మరో కొడుకు పోయారు. అయినా 1920లో ఆ స్పంజికల మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించారు. వాక్సియా, టకక్కావియా అందులో ఆయన పెట్టిన పేర్లే. పొరపాట్లూ లేకపోలేదు. చాన్సెలోరియా అనే ముళ్ల జీవిని ఆయన స్పంజికల్లో చేర్చారు, అది స్పంజిక కాదని ఇప్పుడు చాలామంది అంటారు. దొరికిన ప్రతి వింత జీవినీ తెలిసిన వర్గంలోనే ఇరికించారన్న విమర్శ కూడా ఉంది. తీరిక లేని అధికారి కాబట్టి అలా జరిగిందని మా అభిప్రాయం.

వాల్కాట్ 1927 ఫిబ్రవరి 9న వాషింగ్టన్‌లో మరణించారు. 2013లో శాస్త్రవేత్తలు వాక్సియా శిలాజంలో కైటిన్ అనే పదార్థం జాడ కనిపెట్టారు. రొయ్య పెంకులో ఉండేది అదే. 2024లో చైనాలో బర్జెస్ కంటే పాతదైన, దాదాపు 55 కోట్ల సంవత్సరాల నాటి స్పంజిక బయటపడింది. దానికి గట్టి కంటకాలే లేవు. మొదటి స్పంజికలన్నీ ఇలాగే మెత్తనివైతే, కంటకాల కోసం ఇంకా పాత రాళ్లలో వెతికినవారికి ఏమీ దొరక్కపోవడంలో వింత లేదు.