సవర కొండలు ఎక్కిన పంతులుగారు

మన పాఠశాలలో భూగోళం చదివిన ప్రతి విద్యార్థికీ ఆఫ్రికాలోని సవన్నా భూములు పరిచయమే. మనిషెత్తు గడ్డి, అక్కడక్కడ గొడుగు పట్టినట్లుండే తుమ్మచెట్లు, పశువులే ఆస్తిగా, పాలే ఆహారంగా బ్రతికే మసాయి జాతివారు. పరీక్షకు చదివి, పరీక్షతోపాటే మరచిపోయే పాఠమది. 1883లో జోసెఫ్ థామ్సన్ అనే స్కాట్లండు యువకుడు లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పంపగా మసాయి దేశం గుండా ప్రయాణించి, 1885లో ఆ యాత్రను పుస్తకంగా ప్రకటించాడు. 1905లో హాలిస్ అనే ఆంగ్లేయ అధికారి మసాయిల భాషను, వారి కథలను గ్రంథస్థం చేశాడు. వారికి లోకంలో పేరు వచ్చింది, రావలసినదే. అయితే సరిగా ఆ సంవత్సరాలలోనే మన గంజాం జిల్లాలో ఒక బడిపంతులు, ఏ సంఘమూ పంపకుండా, ఏ అధికారమూ చేతిలో లేకుండా, తన ఊరికి కనుచూపు మేరలో ఉన్న కొండలెక్కి అదే పని చేశారు. ఆయనే శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా వారిని ఎరుగని తెలుగువారు లేరు. ఆ కొండల కథ మాత్రం మన ప్రాంతానిదే అయినా, మనలోనే చాలమందికి సగమే తెలుసు.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు 1875లో మరణించగా, బాలుడు విజయనగరం చేరి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. అప్పటికి వారి వయస్సు పదిహేడేండ్లు. ఉద్యోగం చేస్తూనే పట్టభద్రులై, పిదప అక్కడి కళాశాలలో చరిత్ర బోధించారు. ముఖలింగ దేవాలయంలోని శాసనాలను, గాంగరాజుల తామ్రపత్రాలను చదివి, ఆ ముఖలింగమే ప్రాచీన కళింగనగరమని ప్రతిపాదించినవారు కూడా వీరే. ఒక్క శాసన పరిశోధనతోనే తృప్తిపడి ఉన్నా చరిత్రకారునిగా వారి పేరు నిలిచి ఉండేది.

కాని పర్లాకిమిడి సంతలో శాసనాలకంటె ప్రాచీనమైన భాష ఒకటి వినబడుతూ ఉండేది. సవరలు కొండ దిగి సంతకు వచ్చేవారు. ఐతరేయ బ్రాహ్మణంలో పేర్కొనబడిన శబరులు వీరేనని పండితులు భావిస్తారు. రామాయణంలోని శబరిని ప్రతి తెలుగింటివారూ ఎరుగుదురు. శబరి ఎంగిలిపండ్ల కథ చెప్పుకొని కన్నీరు పెట్టే పట్టణవాసులు సంతలో సవర తెచ్చిన చింతపండును తూచేటపుడు ఆ భక్తిని చూపేవారు కారు. తన వస్తువు ధర తాను చెప్పుకోలేనివాడు సంతలో ఏమి గెలుస్తాడు? అప్పులోను అంతే, కచేరీలోను అంతే. దుబాసీ చెప్పినదే సవర చెప్పినట్లు. పంతులుగారు ఆ భాష నేర్చుకొనదలచారు. నేర్పడానికి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, అసలు లిపియే లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను తమ ఇంటనే ఉంచుకొని, అతని నోటినుండి ఒక్కొక్క మాట రాసుకొంటూ నేర్చుకొన్నారు. ఆనాటి బ్రాహ్మణ గృహాలలోని ఆచార నియమాలు ఎరిగినవారికి ఇది ఎంత సాహసమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంటిలో నేర్చిన భాష ఇంటికే చాలుతుంది. అందుచేత సెలవులలో కొండలకు ప్రయాణం. 1900లో నౌపడా నుండి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది కాని, అది గుణుపురం చేరడానికి మరో ముప్పది ఏండ్లు పట్టింది. పర్లాకిమిడి దాటితే నడకయే గతి. అప్పట్లో మాలియాలని పిలిచే ఆ ప్రదేశం ఏజెన్సీ పాలనలో ఉండేది. కొండచరియలమీద పోడు, రాళ్లను గట్టుగా పేర్చి మెట్లు మెట్లుగా దిద్దిన వరిమళ్లు, గొమాంగో అనే గ్రామపెద్ద, గోడలమీద దేవతల కోసం, పితరుల కోసం వేసిన బొమ్మలు. ఇదీ సవరల లోకం. మసాయిలకు పశువు జీవనాధారమైతే, సవరలకు ఎనుబోతు చనిపోయినవారికి చెల్లించవలసిన ఋణం. పెద్దలు పోతే రాయి నిలిపి ఎనుబోతును బలి ఇస్తారు. గణాచారి నోట మృతులు పలుకుతారని, బ్రతికున్నవారు వారితో మాట్లాడి, అలిగి, సమాధానపడవచ్చునని వారి విశ్వాసం. అట్టి సంభాషణల మధ్య కూర్చున్న పరాయివానికి సంతలో నేర్చిన నాలుగు మాటలు ఎందుకు పనికివస్తాయి? కథలు, పాటలు, తగాదాలు, పిల్లల ఆటలు అన్నీ వినవలసినదే.

ఈ వినడంలోనే వారు అన్నిటికంటె పెద్ద మూల్యం చెల్లించారు. మన్యం నీరు పడదని, గాలి మంచిది కాదని మాత్రమే ఆనాటివారికి తెలుసు. మలేరియాను దోమ మోసుకొస్తుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897లో గాని కనుగొనలేదు. కొండలలో తిరిగిన పంతులుగారికి మలేరియా పట్టింది. ఉన్న మందు క్వినైను ఒక్కటే. అది ప్రాణం కాపాడుతుంది. మోతాదు మించినా, చాలకాలం వాడినా చెవులలో హోరు పుట్టించి వినికిడిని హరిస్తుంది. పంతులుగారికి చెవుడు వచ్చింది. వ్రాతలేని భాషను పట్టుకొనడానికి ఉన్న ఒకే ఒక సాధనం చెవి. ఆ భాషకోసం చేసిన ప్రయాణమే ఆ చెవిని తీసుకొనిపోయింది. ఇంకొకరైతే అక్కడితో ఆ పనికి స్వస్తి చెప్పి ఉండేవారు, ఎవరూ తప్పుపట్టి ఉండేవారు కారు. వీరు మానలేదు.

ఆ భాష సులభమైనది కూడ కాదు. చుట్టుపట్ల ఉన్న తెలుగుతోగాని ఒడియాతోగాని దానికి చుట్టరికం లేదు; అది ముండా కుటుంబానికి చెందినది. గొంతును క్షణకాలం బిగించి విడిచే ధ్వని ఒకటి అందులో ఉన్నది. తెలుగు అక్షరాలలో దానికి గుర్తు లేదు. కనుక పంతులుగారు ధ్వనిశాస్త్రం అభ్యసించి, ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తును ఏర్పరచుకొన్నారు. ఇంకొక విశేషం: క్రియ తనలోనే నామాన్ని ఇముడ్చుకొంటుంది. కత్తితో నీ కడుపులో పొడుస్తాడని మనం నాలుగు మాటలలో చెప్పేది సవర ఒక్క మాటలో చెప్పగలడు. కత్తి, కడుపు, పొడవడం, నీవు అన్నీ ఆ ఒక్క పదంలోనే. నేటికీ ప్రపంచ భాషాశాస్త్రజ్ఞులు ఈ లక్షణానికి ఉదాహరణ కావలసినపుడు పంతులుగారి గ్రంథాన్నే ఆశ్రయిస్తారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి గ్రంథాలు వెలువరించినపుడు సవరలను గురించిన భాగానికి వీరి సమాచారాన్ని ఉపయోగించుకొన్నాడు.

అయితే పండితుల మెప్పు వారి మొదటి కోరిక కాదు. సవర పిల్లవానికి సవరలోనే చదువు చెప్పాలని వారి పట్టుదల. అందుకై సవరలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత డబ్బుతో బడి పెట్టారు. జీతాలు తామే ఇచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే స్వీకరింపక, ఆ సొమ్ముతో సవరలకు పాఠశాల నడపవలసినదిగా కోరారు. తరువాత వచ్చిన రావు సాహెబు బిరుదు, కైసర్-ఇ-హింద్ పతకం అందరూ ఎరిగినవే.

ఉద్యోగం విడిచిన పిమ్మట వారు తెలుగు వాడుకభాష కోసం సాగించిన పోరాటం గురించి వేరే వ్యాసాలు, గ్రంథాలు అనేకం ఉన్నాయి, ఇక్కడ విస్తరించను. భాష పుస్తకంలో గాక జనుల నాలుకమీద ఉంటుందన్న సత్యం వారికి తోచడంలో, పుస్తకమే లేని సవరభాషకు పాలు ఉన్నదని మాత్రం నా నమ్మకం. నేను వ్రాస్తున్న ఈ భాషను చూస్తే పంతులుగారు మందలించి ఉండేవారేమో!

ఇక 1936. ఆ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. మన బరంపురంతో పాటు పర్లాకిమిడి కూడ అందులో చేరింది. పర్లాకిమిడిని అందులో చేర్చరాదని పంతులుగారు వాదించారు. వారి మాట చెల్లలేదు. ఒడియా సోదరులకు అది దీర్ఘకాలపు స్వప్నం ఫలించిన దినం. రాజావారు ఆ సాధనలో ముందు నిలిచినవారు. రెండు వైపులా తమ భాషమీది ప్రేమయే ఉన్నది. పంతులుగారు మాత్రం, ఐదున్నర దశాబ్దాలు నివసించిన ఊరిని ఆనాడే విడిచి రాజమహేంద్రవరం తరలిపోయారు. అప్పటికి వారికి డెబ్బది రెండేండ్లు. పుట్టిన పర్వతాలపేట సరిహద్దుకు ఆవల, జీవితమంతా ధారపోసిన ఊరు ఈవల. సవరలు ఇరువైపులా ఉండిపోయారు. మన పెద్దలు వెళ్లక ఇక్కడే ఉండి, తెలుగు బడులు నిలుపుకొన్నారు. ఎవరిది సరియైన నిర్ణయమని మా చిన్నతనంలో పెద్దలు వాదించుకొనేవారు. నేను ఇటువాడనే కనుక నా తీర్పునకు విలువ ఉండదు.

విచిత్రమేమంటే, అదే 1936లో మంగెయి గొమాంగో అనే సవర తన భాషకు సొంతంగా ఒక లిపిని కల్పించాడు. సొరంగ్ సోంపెంగ్ అని దాని పేరు. ఎవరూ పంపకుండా, ఎవరూ అడగకుండా పుట్టిన లిపి అది.

ఊరు విడిచినా పంతులుగారు పని విడువలేదు. సవర భాషను వివరించే వారి మహాగ్రంథం 1931లోనే మద్రాసులో ముద్రితమైంది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. ఆ కొండలు తమ ఇంటి వాకిట కనబడని కాలంలో, ఆ మాటలు చెవికి సోకని వయస్సులో అచ్చయిన పుస్తకమది. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 15న మద్రాసులో పత్రికలవారి సమక్షంలో వ్యావహారిక భాషను గురించి చివరిసారి మాట్లాడి, 22వ తేదీన కన్నుమూశారు. సవర పనిలో మొదటినుండీ చేదోడుగా ఉన్న కుమారులు సీతాపతిగారు ఆ కృషిని కొనసాగించారు.