ఆ గీతల వెనక సుధర్మ

మా కాపురం తార్నాకలో. పక్కనే యూనివర్సిటీ క్యాంపస్‌లో నలుగురైదుగురు కలిసి కాగితాల మీద వేసిన అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు పెడితే చూడబోయాను. ఇందులో ఏముందమ్మా అని పక్కావిడ గొణుక్కుంటుంటే నాకు మాత్రం పి.టి.రెడ్డి గారు గుర్తొచ్చారు.

పాకాల తిరుమల్ రెడ్డి 1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివారు. 1941లో మరో నలుగురితో కలిసి ఓ బృందం కట్టారు. వాళ్లనే యంగ్ టర్క్స్ అన్నారు. హుస్సేన్, రజా వాళ్ల ప్రోగ్రెసివ్ గ్రూపు వచ్చింది 1947లో, అంటే ఆరేళ్ల తర్వాత! అయినా పుస్తకాల్లో ఎక్కువ వినబడేది వాళ్ల పేర్లే. మనవాళ్లకి మనవాళ్లు ఎప్పుడూ లోకువే కదూ!

1970ల్లో ఆయన తాంత్రిక చిత్రాలకి మళ్లారు. త్రికోణాలు, వలయాలు, బిందువు... భయపడక్కర్లేదు, మనం రోజూ వాకిట్లో చుక్కలు పెట్టి కలిపేవాళ్లమే! నారాయణగూడలోని సొంతింటికి సుధర్మ అని పేరు పెట్టి, దాన్నే బొమ్మల కొలువు చేశారు.

ఆ ఇంటి ఇల్లాలు ఎవరనుకున్నారు? పాకాల యశోదారెడ్డి గారు. కోఠీ ఉమెన్స్ కాలేజీలో తెలుగు చెప్పిన పంతులమ్మ. పాలమూరు పల్లె మాటని మొహమాటం లేకుండా కథల్లోకి తెచ్చి 1973లో మా ఊరి ముచ్చట్లు వేశారు. అధికార భాషా సంఘానికి అధ్యక్షురాలయ్యారు. పేరున్న భర్త నీడలో చాలామంది ఆగిపోతారు. ఈవిడ ఆగలేదు. 1996లో ఆయన పోయారు. దాదాపు డెబ్బయ్యేళ్ల వయసులో ఆవిడ ఎచ్చమ్మ కథలు అచ్చయ్యాయి.