కొత్త లెక్క ఎదురైతే: జార్జ్ పోల్యా చూపిన దారి

ఈ మోడల్ లెక్క క్లాసులో చెప్పలేదంటూ పదో తరగతి పిల్లలు పెన్ను కింద పెట్టేయడం లెక్కల మాస్టారుగా నేను ఏళ్ల తరబడి చూశాను. వాళ్లకు సూత్రాలు రాక కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. ఆ మొదలును పాఠంగా మలిచిన జార్జ్ పోల్యా గురించి మన స్వర్ణోత్సవ సంచికలో చెప్పాలనిపించింది.

మన రామానుజన్ కంటే తొమ్మిది రోజులు ముందు, 1887 డిసెంబరు 13న ఆయన బుడాపెస్టులో పుట్టారు. బడిలో ఆయనకు లెక్కలంటే పెద్ద మక్కువ లేదు. యూనివర్సిటీలో ముందు లా చదివి, విసుగొచ్చి భాషలు, సాహిత్యం వైపు, ఆపైన తత్వశాస్త్రం వైపు వెళ్లారు. తత్వశాస్త్రం పట్టుబడాలంటే భౌతికశాస్త్రం, గణితం చదవమని ప్రొఫెసర్ చెప్పడంతో గణితంలో అడుగుపెట్టి, అక్కడే ఉండిపోయారు. 1914 నుంచి జ్యూరిక్‌లో పాఠాలు చెప్పారు. 1940లో, యుద్ధకాలంలో, అమెరికా చేరి, 1942 నుంచి స్టాన్‌ఫర్డ్‌లో పనిచేశారు.

జ్యూరిక్‌లో షికారుకు వెళ్లినప్పుడు ఒకే జంట మళ్లీ మళ్లీ ఎదురయ్యేసరికి, దారి తోచినట్టు తిరిగేవాళ్లు ఎందుకిలా కలుస్తారని ఆలోచించారు. దాని నుంచే 1921లో ప్రసిద్ధ సిద్ధాంతం ఒకటి వచ్చింది.

సమస్యలు సాధించే నేర్పు పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పితే వస్తుందని ఆయన నమ్మకం. 1945లో వచ్చిన 'హౌ టు సాల్వ్ ఇట్' పుస్తకంలో నాలుగు మెట్లు చెప్పారు: సమస్యను అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, దాన్ని అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడడం.

అందులో నాకు నచ్చిన ఉదాహరణ గది కర్ణం. పొడవు, వెడల్పు, ఎత్తు తెలుసు. కింది మూల నుంచి ఎదుటి పై మూలకు దూరం కావాలి. మాస్టారు సూత్రం చెప్పరు. కావలసింది ఏమిటి, ఇలాంటిది ముందు ఎక్కడైనా చేశావా అని అడుగుతారు. లంబకోణ త్రిభుజం గుర్తొస్తే దారి దొరికినట్టే. నేల కొలతలు 3, 4 అడుగులైతే నేల కర్ణం 5. ఎత్తు 12 అయితే జవాబు 13. అంతటితో ఆపకూడదు. ఎత్తును సున్నా చేస్తే నేల కర్ణమే రావాలి కదా, వస్తోందా? పిల్లలు ఎక్కువగా వదిలేసేది ఈ నాలుగో మెట్టునే.

ఉపాధ్యాయుడి సాయం మరీ ఎక్కువైతే పిల్లవాడికి చేయడానికేమీ మిగలదు, మరీ తక్కువైతే వాడు ముందుకు కదలడు. పోల్యా చెప్పిన ఈ మాట పాటించడం నాకు అన్నిటికంటే కష్టమైంది. సిలబస్ తరుముతుంటే ప్రశ్న అడిగి ఆగడం తేలిక కాదు.

1953లో రిటైరైనా ఆయన హైస్కూలు టీచర్లకు బోధించడం మానలేదు. 1985 సెప్టెంబరు 7న, 97వ ఏట కన్నుమూశారు. ఇళ్లలో పిల్లలకు లెక్కలు చెప్పే మన పూర్వ విద్యార్థులను నేను కోరేది ఒక్కటే: జవాబు చెప్పే ముందు ఒక ప్రశ్న అడిగి, కాసేపు ఆగండి.