తంబుర పట్టిన దూదేకుల బిడ్డ – షేక్ నాజర్

హాస్టల్ వార్షికోత్సవం అంటే ఒక నాటిక, రెండు డాన్సులు, ఒక బుర్రకథ. ఎన్నో ఏళ్ళుగా వస్తున్న పద్ధతి ఇది. ముగ్గురు కుర్రాళ్ళకు తలపాగాలు చుట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, ఒకడి భుజాన తంబుర పెట్టి, మిగిలిన ఇద్దరికీ గుమ్మెటలు ఇస్తే కథ మొదలవుతుంది. అల్లూరి సీతారామరాజు కథో, బొబ్బిలి కథో చెబుతారు. ముందు వరసలో పెద్దలు కూడా నవ్వుతారు, వెనక వరసలో పిల్లలు ఈలలు వేస్తారు. అయితే బుర్రకథను ఈ రోజు మనం చూస్తున్న రూపానికి తెచ్చి, రాష్ట్రమంతా వినిపించిన మనిషి ఎవరని అడిగితే మనలో చాలామంది చెప్పలేరు. ఆయన పేరు షేక్ నాజర్. బుర్రకథ పితామహుడని ఆయనకు పేరు. మన హాస్టళ్ళలో చదువుకునే పిల్లలు తప్పకుండా తెలుసుకోవలసిన జీవితం ఆయనది. ఎందుకంటే ఆయన కూడా మన ఇళ్ళలాంటి ఇంట్లోనే పుట్టారు.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించారు. తల్లి బీనాబీ, తండ్రి మస్తాన్. వారిది దూదేకుల కులం. వింటినారతో దూదిని ఏకి, పరుపులకూ దిండ్లకూ సిద్ధం చేయడం ఆ కులం వారి పని. మతానికి వారు ముస్లింలు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇటు హిందువులు తమలో కలుపుకోరు, అటు ఉర్దూ మాట్లాడే ముస్లింలలో కొందరు తక్కువగా చూస్తారు. దూది ఏకే మర మిషన్లు వచ్చాక ఆ పని కూడా చేజారింది. దూదేకుల వారికే పింజారి అనే పేరు కూడా ఉంది. అది కష్టం చేసుకుని బతికే ఒక వృత్తి పేరు. కానీ మన ఊళ్ళలో ఆ మాటను తిట్టుగా వాడతారు. ఒక మనిషి చేసే పని పేరే ఆ మనిషిని అవమానించే మాటగా మారడం అంటే ఏమిటో మనలో చాలామందికి ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇంట్లో పేదరికం ఉన్నా నాజర్‌కు గొంతు ఉంది, నటన ఉంది. చిన్నతనంలోనే నాటకాల్లో వేషాలు కట్టారు. ద్రోణుడు, అశ్వత్థామ, పాదుషా వంటి పాత్రలు వేసి చుట్టుపక్కల మంచి నటుడనిపించుకున్నారు. దూదేకుల ఇంటి పిల్లవాడు ద్రోణాచార్యుడిగా రంగస్థలం మీదికి వస్తే జనం చేతులెత్తి మెచ్చుకున్నారు. వేషం తీసేశాక మళ్ళీ అదే కులం, అదే ఇల్లు. కళాకారుడి బతుకులోని ఈ రెండు ముఖాలూ ఆయనకు చిన్నప్పుడే ఎదురయ్యాయి.

బుర్రకథ ఆయన పుట్టించిన కళ కాదు. అంతకుముందు దాన్ని జంగం కథ, శారద కథ, తంబుర కథ అని రకరకాలుగా పిలిచేవారు. తంబురకు ఉండే గుండ్రని బుర్ర వల్ల బుర్రకథ అనే పేరు స్థిరపడింది. జంగాలు, పిచ్చుకుంట్ల వాళ్ళు, శారద కాండ్రు ఊరూరా తిరుగుతూ రాజుల కథలు, వీరుల కథలు, పేరంటాళ్ళ కథలు చెప్పేవారు. కథ అయిపోయాక ఇంటింటికీ వెళ్ళి గింజలో, పాత బట్టలో అడిగి తీసుకునేవారు. చదువు రాని ఊళ్ళకు చరిత్ర చెప్పింది వాళ్ళే. అయినా ఊరు వాళ్ళను గురువులుగా చూడలేదు, బిచ్చగాళ్ళుగానే చూసింది. కథ రాత్రంతా కావాలి, కథకుడు మాత్రం తెల్లారేసరికి ఊరు దాటాలి.

1943 వచ్చింది. బెంగాల్‌లో ఘోరమైన కరువు. లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. అదే సంవత్సరం బొంబాయిలో ఇప్టా, మన ఆంధ్రలో ప్రజా నాట్యమండలి మొదలయ్యాయి. డాక్టర్ గరికపాటి రాజారావు వంటి వారు దానికి నాయకులు. జనానికి రాజకీయాలు చెప్పాలంటే జనానికి తెలిసిన కళల్లోనే చెప్పాలని వారు అనుకున్నారు. కొండపనేని బలరామ్, వేములపల్లి శ్రీకృష్ణ నాజర్‌లోని కళాకారుణ్ణి గుర్తించి కమ్యూనిస్టు ఉద్యమంలోకి తీసుకువచ్చారు. నాజర్ చేతికి తంబుర వచ్చింది.

పాత పద్ధతిలో ప్రధాన కథకుడు కథ చెబితే పక్కనున్న వారు వంత పాడేవారు. ప్రజా నాట్యమండలి దళాలు ఆ ముగ్గురికీ మూడు పనులు పంచాయి. మధ్యలో తంబురతో, చేతివేళ్ళకు అందెలతో కథకుడు. పక్కనున్న ఇద్దరిలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథకుడు పాత కాలపు యుద్ధం చెబుతూ ఉంటాడు. మధ్యలో రాజకీయం చెప్పేవాడు ఆపి, ఇప్పటి ధరల గురించో, భూస్వామి గురించో, లంచాల గురించో అడుగుతాడు. హాస్యగాడు తెలియనివాడిలా అడ్డు ప్రశ్నలు వేసి జనం మనసులో ఉన్న అనుమానాన్ని బయటికి లాగుతాడు. ఆ సమాధానంతో పాత కథ ఈనాటి కథ అవుతుంది. ఈ పద్ధతిని అందరికన్నా పైకి తీసుకువెళ్ళిన వాడు నాజర్. ఒకే గొంతులో వీరం, కరుణ, వెటకారం పలికించగలిగేవారు. అడుగు వేస్తే గజ్జె కథ చెప్పేది. మైకు అందని మూలన కూర్చున్న ముసలమ్మకు కూడా మాట స్పష్టంగా వినిపించాలన్నట్టు పలికేవారు.

బెంగాల్ కరువు మీద ఆయన చెప్పిన బుర్రకథ ఆ రోజుల్లో జనాన్ని కదిలించింది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయనకు ఇంకా పేరు తెచ్చాయి. వీటిలో పల్నాటి కథను మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. అందులో బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిస్తాడు. మాల కులానికి చెందిన కన్నమదాసు సేనానిగా కత్తి పడతాడు. ఊళ్ళో ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వని కాలంలో, తక్కువ కులం అనిపించుకున్న ఒక ముస్లిం కళాకారుడు ఊరి నడిబొడ్డున నిలబడి ఆ కథ చెప్పాడంటే అది ఒట్టి వినోదం కాదు. బొబ్బిలి కథ అయితే మన ఉత్తరాంధ్రదే. 1757లో జరిగిన ఆ యుద్ధంలోని తాండ్ర పాపారాయుణ్ణి గుంటూరు జిల్లా గొంతు రాష్ట్రమంతటికీ వినిపించింది.

ఆ రోజుల్లో ప్రజా నాట్యమండలి దళాలు మరికొన్ని కూడా తయారయ్యాయి. మోటూరి ఉదయం నాయకత్వంలో ఆడవాళ్ళు బుర్రకథ దళం కట్టారు. సుంకర సత్యనారాయణ కథలు రాశారు. అయితే జనాన్ని మేల్కొలిపే కళను ప్రభుత్వాలు ఊరికే వదలవు. 1948 నుంచి కమ్యూనిస్టులపై తీవ్రమైన నిర్బంధం మొదలైంది. కళాకారులను కూడా పోలీసులు వెంటాడారు. దళాలు చెదిరిపోయాయి. కూలీ నాలీ చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చిన కళాకారులకు ఉద్యమం ఆగడం అంటే పూట గడవడం కూడా కష్టం కావడమే.

ఆ తరువాత సినిమా పిలిచింది. 1953లో గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లు, 1954లో వచ్చిన అగ్గిరాముడు, 1968 నాటి నిలువు దోపిడి, 1970 నాటి పెత్తందార్లు చిత్రాల్లో నాజర్ బుర్రకథలు ఉన్నాయి. అగ్గిరాముడులోని అల్లూరి కథ వల్ల ఆయన ఎన్నడూ అడుగు పెట్టని ఊళ్ళకు కూడా ఆయన గొంతు వెళ్ళింది. ఆసామి అనే నాటకం రాసి ఆంధ్ర నాటక కళాపరిషత్తు బహుమతి కూడా పొందారు. ప్రభుత్వ శాఖలు సైతం బుర్రకథ బలాన్ని గుర్తించాయి. కుటుంబ నియంత్రణ మొదలుకొని పొదుపు వరకు ఏ పథకం చెప్పాలన్నా ఊళ్ళోకి బుర్రకథ దళాన్ని పంపడం మామూలైంది. ఒకప్పుడు ప్రభుత్వం అనుమానంగా చూసిన కళే ప్రభుత్వ ప్రచారానికి పనికొచ్చింది.

ఇక్కడ మనం ఆగి ఒక లెక్క వేసుకోవాలి. సినిమాలో పాడిన జానపద కళాకారుడికి ఒకసారి కూలి ముడుతుంది. సినిమా ఎన్నేళ్ళు ఆడినా, రికార్డు ఎన్ని అమ్మినా ఆ పైడబ్బు మీద అతనికి హక్కు ఉండేది కాదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రదర్శకుడి హక్కును గుర్తించలేదు. 1994 సవరణతో ఆ హక్కు మొదటిసారి చట్టంలోకి వచ్చింది. సినిమాలో నటించినవారికీ పాడినవారికీ రాయల్టీ అనే మాట 2012 సవరణలో గానీ రాలేదు. ఇక ఊళ్ళో ప్రదర్శన అయితే మరీ చిన్న లెక్క. వచ్చిన డబ్బు ముగ్గురూ పంచుకోవాలి, ప్రయాణం, బట్టలు, వాయిద్యాల ఖర్చు అందులోనే చూసుకోవాలి. వానాకాలంలో ప్రదర్శనలు ఉండవు. కళకు పేరు రావడం, కళాకారుడి పొయ్యి మీద కుండ ఉడకడం రెండూ ఒకటి కావు.

ఇది ఒక్క మన దేశంలోనే జరిగింది కాదు. అమెరికాలో డెట్రాయిట్ అనే నగరం ఉంది. కార్ల ఫ్యాక్టరీలకు ప్రసిద్ధి. ఫ్యాక్టరీలు తగ్గి, పనులు పోయి, డబ్బున్న తెల్లవాళ్ళు ఊరి బయటికి తరలిపోయాక నగరంలో ఎక్కువగా మిగిలింది నల్లజాతి ప్రజలు. 1980లలో వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి స్నేహితులు ఎలక్ట్రానిక్ మిషన్లతో ఒక కొత్త సంగీతం తయారుచేశారు. దానికి టెక్నో అని పేరు. 1988లో ఆ పాటల రికార్డు ఇంగ్లండులో విడుదలయ్యాక అది యూరప్ అంతా పాకింది. పెద్ద క్లబ్బులు, పెద్ద ఉత్సవాలు, పెద్ద వ్యాపారం వచ్చాయి. చివరికి దాన్ని వింటూ గంతులు వేసేవారిలో చాలామంది అది తెల్లవాళ్ళ సంగీతమే అనుకునే పరిస్థితి వచ్చింది. అక్కడ రంగు, ఇక్కడ కులం. పేదవాడి చేతిలో పుట్టిన పాట లోకమంతా తిరుగుతుంది. దాని వెంట పేదవాడి పేరు మాత్రం అంత దూరం పోదు.

నాజర్ పేరు పూర్తిగా పోకపోవడానికి ఆయన చేసిన రెండు పనులు కారణం. మొదటిది, తనకు తెలిసిన విద్యను దాచుకోలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవారు సొంతంగా దళాలు కట్టుకున్నారు. రెండవది, తన జీవితాన్ని తానే చెప్పి రాయించారు. ఆయన చెబుతుండగా అంగడాల వెంకటరమణమూర్తి అక్షరరూపం ఇచ్చిన ఆ ఆత్మకథ పేరు పింజారి. ఆలోచించండి. బుర్రకథ పితామహుడని పెట్టుకోవచ్చు, ఇంకా గొప్ప బిరుదు ఏదైనా పెట్టుకోవచ్చు. లోకం తిట్టుగా వాడిన మాటనే ఆయన అట్ట మీదికి ఎక్కించారు. సిగ్గుపడవలసింది ఆ పేరు గలవాళ్ళు కాదు, దాన్ని తిట్టుగా మార్చినవాళ్ళు. ఆ సంగతి చెప్పడానికి ఒక్క మాట చాలింది.

1986లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. బిచ్చం ఎత్తుకునే వాళ్ళ కళ అని ఒకప్పుడు తీసిపారేసిన తంబురకు ఢిల్లీలో గౌరవం దక్కింది. 1997 ఫిబ్రవరి 22న నాజర్ కన్నుమూశారు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. కంచిలి, సోంపేట, కవిటి, మందస – ఈ ఊళ్ళన్నీ కళలకు పుట్టిళ్ళే. జముకుల కథ మనది. తప్పెటగుళ్ళు మనవి. డప్పు, సన్నాయి లేకుండా మన ఊళ్ళో పండగ లేదు, పెళ్ళి లేదు, చావు కూడా లేదు. సుబ్బారావు పాణిగ్రాహి ఈ ఉద్దానంలోనే జముకుల కథతో జనాన్ని కదిలించారు. 1969 డిసెంబరులో ఆయన పోలీసు కాల్పుల్లో మరణించారు. 2020లో మరణించిన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర జానపద బాణీలను రాష్ట్రమంతటికీ పరిచయం చేశారు. వీళ్ళిద్దరికీ జముకు ఎక్కడి నుంచి వచ్చింది? పేరు ఎక్కడా రాయని జముకుల వాళ్ళ ఇళ్ళ నుంచే వచ్చింది. వాళ్ళలో ఎందరి పిల్లలు ఈరోజు వలస పనులకు రైలెక్కి వెళ్ళిపోయారో మనకు తెలియనిది కాదు.

హాస్టల్‌కు వచ్చిన కొత్తలో కొందరు తమ్ముళ్ళు తండ్రి డప్పు కొడతాడని చెప్పుకోవడానికి జంకుతారు. అప్లికేషన్‌లో తండ్రి వృత్తి దగ్గర కూలి అని రాస్తారు. కూలి రాయడం తప్పు కాదు. కానీ ఆ తండ్రికి ఎన్ని దరువులు వచ్చో కొడుక్కి తెలియకపోతే, ఆ దరువులు ఆయనతోనే పోతాయి. రేపు ఎవరో వచ్చి వాటిని సినిమాలో వాడుకుంటే, అవి మనవని చెప్పుకునే ఆధారం కూడా మనకు ఉండదు.

అందుకని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక చిన్న మనవి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతనో, నాయనమ్మనో కూర్చోబెట్టి వాళ్ళకు వచ్చిన కథ, పాట, దరువు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా రాయండి. ఫోను ఉంటే రికార్డు చేయండి. పాత విద్యార్థులకు మరో మనవి. ఉద్యోగాల్లో స్థిరపడిన మనం మన ఊరి కళాకారుణ్ణి ప్రదర్శనకు పిలిచినప్పుడు ఒక శాలువా కప్పి, బస్సు చార్జీ ఇచ్చి పంపేయకుండా ఆయన కష్టానికి తగ్గ డబ్బు చేతిలో పెడదాం. మైకులో కార్యక్రమం పేరు చదివేటప్పుడు ఆయన పేరు కూడా చదువుదాం.

పొన్నెకల్లు దూదేకుల ఇంట్లో పుట్టిన నాజర్ కులం పేరు దాచుకోకుండా, కళను అమ్ముకోకుండా, నేర్చుకున్నది నలుగురికీ పంచి వెళ్ళారు. ఆయన్ని తలచుకోవడం అంటే ఆయన ఫొటోకు దండ వేయడం ఒక్కటే కాదు. మన ఇంటి చూరులో వేలాడుతున్న వాయిద్యాన్ని దించి, దుమ్ము దులిపి, దాన్ని వాయించే మనిషిని గౌరవించడం.