అలెన్ న్యూవెల్

అలెన్ న్యూవెల్ (1927 మార్చి 19 - 1992 జూలై 19) అమెరికాకు చెందిన ప్రముఖ కంప్యూటర్ శాస్త్రవేత్త, మనోవిజ్ఞాన పరిశోధకుడు. కృత్రిమ మేధ రంగానికి పునాదులు వేసినవారిలో ఒకడు. అక్షరాలు మాత్రమే కనిపించే టెర్మినళ్లపై మెనూల ద్వారా పనిచేసే జాగ్ అనే వ్యవస్థను సహచరులతో కలిసి రూపొందించాడు. మనిషి ఆలోచించే తీరును కొలిచి, యంత్రాన్ని దానికి తగినట్లు మలచాలన్నది ఇతని కృషిలో ముఖ్యాంశం.

బాల్యం, విద్య

న్యూవెల్ శాన్ ఫ్రాన్సిస్కోలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ న్యూవెల్ స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాలలో రేడియాలజీ ఆచార్యుడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళంలో చేరిన అలెన్, 1946లో బికినీ దీవుల్లో జరిగిన అణు పరీక్షలను చూశాడు. 1949లో స్టాన్‌ఫర్డ్‌లో భౌతికశాస్త్ర పట్టా పొందాడు. ప్రిన్స్‌టన్‌లో ఒక సంవత్సరం గణితం చదివిన తరువాత, 1950లో రాండ్ కార్పొరేషన్‌లో ఉద్యోగానికి చేరాడు.

తొలి పరిశోధనలు

1955లో పిట్స్‌బర్గ్ చేరుకొని హెర్బర్ట్ సైమన్‌తో కలిసి పనిచేయసాగాడు. వీరిద్దరూ క్లిఫ్ షాతో కలిసి 1956లో లాజిక్ థియరిస్ట్ అనే ప్రోగ్రామును తయారుచేశారు. ప్రిన్సిపియా మేథమెటికా గ్రంథం రెండవ అధ్యాయంలోని తొలి 52 సిద్ధాంతాలలో 38 సిద్ధాంతాలను అది నిరూపించింది. 1957లో కార్నెగీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుండి న్యూవెల్ డాక్టరేట్ పొందాడు. 1961లో అక్కడే ఆచార్యుడయ్యాడు. ఆ సంస్థ తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంగా మారింది. 1975లో న్యూవెల్, సైమన్‌లకు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

జాగ్ మెనూ వ్యవస్థ

ఆ కాలంలో కంప్యూటరుతో పని చేయాలంటే ఆదేశాలను కంఠస్థం చేసి టైపు చేయవలసి వచ్చేది. కొత్తవారికి ఇది పెద్ద ఆటంకం. ఇతర పరిశోధకులు రాసిన ప్రోగ్రాములను అతిథులు సులభంగా వాడగలగాలని, 1972లో కార్నెగీ మెలన్‌లో జరిగిన ఒక వేసవి సదస్సు కోసం జాగ్ మొదటి రూపాన్ని తయారుచేశారు. కానీ నాటి టెర్మినళ్లు చాలా నెమ్మదిగా పనిచేసేవి. అందువలన ఆ ప్రయత్నం ఆగిపోయింది. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలోని ప్రోమిస్ అనే వైద్య సమాచార వ్యవస్థ స్పర్శతో తక్షణమే స్పందించేది. దానిని చూసిన తరువాత 1975లో జాగ్ పనిని తిరిగి చేపట్టారు.

జాగ్‌లో సమాచారమంతా ఫ్రేములుగా ఉంటుంది. ఒక్కో ఫ్రేము ఒక తెరలో ఇమిడిపోతుంది. పైన శీర్షిక, దాని కింద కొద్దిపాటి వివరణ, ఆ తరువాత ఎంపికలు ఉంటాయి. ప్రతి ఎంపికకు ఒక అంకె గానీ అక్షరం గానీ కేటాయిస్తారు. ఆ ఒక్క మీట నొక్కితే తరువాతి ఫ్రేము వస్తుంది లేదా ఒక ప్రోగ్రాము నడుస్తుంది. వెనుకకు వెళ్లడం, సహాయం పొందడం వంటి ఎంపికలు ప్రతి ఫ్రేములోనూ తెర అడుగునే ఉంటాయి. వాడుకరి తానే కొత్త ఫ్రేములను చేర్చవచ్చు, ఉన్నవాటిని దిద్దవచ్చు. అయితే ఫ్రేముల సంఖ్య పెరిగేకొద్దీ తాము ఎక్కడున్నారో తెలియక వాడుకరులు దారి తప్పడం ఒక లోపంగా బయటపడింది.

కార్డ్, మోరన్‌లతో కలిసి న్యూవెల్ 1980లో ప్రకటించిన నమూనా ప్రకారం, నేర్పరి ఒక మీట నొక్కడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. తరువాతి చర్యకు మనసు సిద్ధపడడానికి మాత్రం 1.35 సెకన్లు కావాలి. అనగా కాలాన్ని ఎక్కువగా తీసుకునేది వేలు కాదు, ఆలోచన. ఈ ముగ్గురి గ్రంథం 1983లో వెలువడింది.

అదే కాలంలో కార్ల్ విన్సన్ అనే అమెరికా విమానవాహక నౌకలో 28 పర్క్ కంప్యూటర్లపై జాగ్‌ను నెలకొల్పారు. దీని నిర్మాణంలో పాల్గొన్న ఆక్సిన్, మెక్‌క్రాకెన్ తరువాత కె.ఎం.ఎస్. అనే హైపర్‌టెక్స్ట్ వ్యవస్థను నిర్మించారు.

తెలుగువారితో సంబంధం

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1969లో కార్నెగీ మెలన్‌లో చేరి న్యూవెల్‌కు సహచరుడయ్యాడు. మాటలను గుర్తించే యంత్రాలపై న్యూవెల్ అధ్యక్షతన ఏర్పడిన బృందం 1971లో నివేదిక ఇచ్చింది. ఆ రంగంలో రాజ్ రెడ్డి పేరు పొంది, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి అతడు తొలి కులపతి. దాని ప్రాంగణాలలో ఒకటి కడప జిల్లా ఇడుపులపాయలో ఉంది.

చివరి రోజులు

మనిషి బుద్ధి పనులన్నింటినీ ఒకే సిద్ధాంతంతో వివరించాలని న్యూవెల్ సోర్ అనే వ్యవస్థపై చివరివరకు పనిచేశాడు. 1992లో అతనికి అమెరికా జాతీయ విజ్ఞాన పతకం లభించింది. అదే సంవత్సరం జూలై 19న క్యాన్సర్‌తో పిట్స్‌బర్గ్‌లో మరణించాడు.