మహలనోబిస్

అన్నం ఉడికిందో లేదో చూడడానికి మనం ఒక మెతుకు పట్టి చూస్తాం. నమూనా సర్వే అలాంటిదే. కానీ చూసేవారే పొరబడితే?

ఈ ప్రశ్నను పట్టించుకున్నవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన 1893లో కలకత్తాలో జన్మించారు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చదివారు. 1931లో భారత గణాంక సంస్థను స్థాపించారు.

1937 నుంచి బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణాన్ని అంచనా వేశారు. అన్ని పొలాలూ కొలవడం భారీ ఖర్చు. అందుచేత లాటరీ తీసినట్లు కొన్నింటినే ఎంచారు. కొలిచేవారు పొలానికి వెళ్లకుండానే అంకెలు రాసేస్తే ఎలా? ఒకే ప్రాంతంలో రెండు నమూనాలు తీసి, రెండు జట్లకు విడివిడిగా అప్పగించారు. లెక్కలు మరీ తేడాగా వస్తే పొరపాటు బయటపడేది. మనుషులను ప్రశ్నలడిగే మనస్తత్వ పరిశోధనలోనూ ఇదే చిక్కు ఉంది.

1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఆయన కృషి ఫలితమే. ఆయన 1972లో మరణించారు.