విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 - 1815) స్కాట్లాండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త. ఈయనను భారత వృక్షశాస్త్ర పితామహుడిగా పేర్కొంటారు. సామర్లకోటలో నివసించిన కాలంలో తెలుగునాట పెరిగే ఔషధ మొక్కలను, విష మొక్కలను శాస్త్రీయంగా వర్ణించాడు.

జీవితం

రాక్స్‌బర్గ్ ఎడింబరోలో వైద్యం చదివాడు. అక్కడ జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం నేర్చుకున్నాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు వైద్య సేవలో చేరాడు. 1781లో సామర్లకోటకు వచ్చి, అక్కడ ఒక తోటను పెంచి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క వంటి పంటలపై ప్రయోగాలు చేశాడు. 1787 నాటి ఉప్పెనలో ఆయన తొలి సేకరణలు కొట్టుకుపోయాయి. అయినప్పటికీ పని తిరిగి మొదలుపెట్టాడు. స్థానిక చిత్రకారులను నియమించి మొక్కల బొమ్మలు వేయించాడు. వాటి తెలుగు పేర్లను, జనం వాడే తీరును కూడా నమోదు చేశాడు.

విష మొక్కలు, ఔషధాలు

కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన రచించిన గ్రంథం 1795 - 1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండనులో వెలువడింది. జోసెఫ్ బ్యాంక్స్ దాని ప్రచురణను పర్యవేక్షించాడు. మచిలీపట్నం అద్దకానికి ఎర్ర రంగునిచ్చే చిరివేరు మొక్క కూడా ఇందులో ఉంది.

ఇదే గ్రంథంలో ముషిణి, ఇండుప చెట్ల వర్ణనలు ఉన్నాయి. ఇవి రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. ముషిణి గింజ ప్రాణాంతకమైన విషం. ఇండుప గింజను (చిల్లగింజ) కుండ లోపల అరగదీసి బురద నీటిని తేర్చుకోవడం ప్రజల అలవాటు. రూపంలో దగ్గరగా ఉండే ఇటువంటి మొక్కలను పొరబడకుండా గుర్తించడం ప్రాణావసరం. 1818లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు పెల్లెటియర్, కావెంటూ ఈ ప్రజాతి మొక్కల నుండి స్ట్రిక్నిన్‌ను వేరుచేశారు. 19వ శతాబ్దంలో దానిని బలవర్ధకంగా వాడేవారు. మోతాదుకు, మరణానికి మధ్య తేడా అతి స్వల్పం కావడంతో ఆధునిక వైద్యం దానిని విడిచిపెట్టింది. అయితే నాడీమండలంలో గ్లైసిన్ గ్రాహకాల పనితీరును తెలుసుకోవడానికి ఆ విషమే పరిశోధకులకు తోడ్పడింది. దక్షిణ అమెరికాలో ఇదే ప్రజాతికి చెందిన మొక్కలను బాణపు విషమైన క్యురారే తయారీలో వాడేవారు. క్యురారే 1942 నుండి శస్త్రచికిత్సలలో కండరాలను సడలించే మందుగా వాడుకలోకి వచ్చింది.

సోమిద చెక్క

ఆ కాలంలో చలిజ్వరాలకు సింకోనా చెక్కే ప్రధాన ఔషధం. అది దక్షిణ అమెరికా నుండి రావలసి ఉండేది. దానికి బదులుగా తెలుగు ప్రాంతపు సోమిద మాను చెక్క పనికివస్తుందని రాక్స్‌బర్గ్ భావించి, దానిని ఎడింబరోకు పంపాడు. 1794లో అక్కడ ఆండ్రూ డంకన్ దీనిపై పరిశోధన వ్యాసం సమర్పించాడు. 1820లో పెల్లెటియర్, కావెంటూలే సింకోనా నుండి క్వినైన్‌ను వేరుచేశారు. వేప కుటుంబానికి చెందిన సోమిద సింకోనా స్థానాన్ని పొందలేకపోయింది. కాని దాని తెలుగు పేరు "సోయ్‌మిడా" రూపంలో శాస్త్రీయ నామంగా నిలిచిపోయింది.

చివరి దశ

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి పర్యవేక్షకుడిగా వెళ్ళాడు. 1813లో అనారోగ్యంతో భారతదేశాన్ని వీడి, 1815లో ఎడింబరోలో మరణించాడు. ఆయన ముఖ్య గ్రంథం "ఫ్లోరా ఇండికా" మరణానంతరం, 1832లో విలియం కేరీ కృషితో సంపూర్ణంగా వెలువడింది. ఆయన వేయించిన 2,500కు పైగా చిత్రాల ప్రతులు కలకత్తాలోను, లండను సమీపంలోని క్యూ ఉద్యానంలోను భద్రపరచబడ్డాయి. చిత్రకారులలో అధికుల పేర్లు మాత్రం నమోదు కాలేదు.